వెహికల్, వాహనం ఒక తల్లి పిల్లలే.. మరి మిరప కోతకు వెళ్లే ట్రాక్టర్ ట్రక్కు ఏమవుతుంది?

అమరావతి: సంక్రాంతి దాటిందంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో మిరప కోతల హడావుడి మొదలవుతుంది. తెల్లారకముందే ఊరి సెంటర్లో ట్రాక్టర్ వచ్చి ఆగుతుంది. తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో క్యారేజీ పట్టుకుని ఆడవాళ్లు వెనకున్న ట్రక్కులోకి ఎక్కుతారు. పదిమంది పట్టే చోట పాతికమంది సర్దుకుంటారు. సాయంత్రం అదే ట్రక్కులో ఇంటికి. సీజన్ అయ్యేదాకా రోజూ ఇదే తంతు.

అందరూ ఇంటికి చేరని రోజులూ ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో పల్నాడు జిల్లా ముప్పాళ్ల మండలంలో మిరప కోత ముగించుకుని వస్తున్న ట్రాక్టర్ బోల్తాపడి నలుగురు మహిళలు చనిపోయారు. 2020 మేలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో ఇలాగే కోతల నుంచి తిరిగొస్తున్న ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని ఢీకొట్టి పలువురు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లాలో ట్రాక్టర్ కాలువలో పడి తొమ్మిది మంది బలయ్యారు. వాళ్లూ మిరప చేలకు బయల్దేరిన వాళ్లే.

ఇలాంటి ప్రమాదం జరిగాక స్టేషన్‌లో, ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో, చివరికి కోర్టులో అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఏ వెహికల్? వినడానికి చాలా మామూలు ప్రశ్న. కానీ పరిహారం వస్తుందా రాదా, వస్తే ఎవరి జేబులోంచి వస్తుంది అన్నది ఆ ఒక్క మాటకు చట్టం ఇచ్చే అర్థం మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంతకీ వెహికల్ అంటే ఏంటి? ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? చక్రాలుంటేనే వెహికలా? వివరాల్లోకి వెళ్తే అమరావతికి, మన తెలుగుకు కూడా ఇందులో గట్టి లింకే కనిపిస్తుంది.

మోసేదే వెహికల్

వెహికల్ అసలు ఇంగ్లిష్ మాట కాదు. లాటిన్‌లో 'వెహెరె' అంటే మోయడం, మోసుకెళ్లడం. దాని నుంచి పుట్టింది 'వెహిక్యులమ్', అంటే మోసే సాధనం. అది ఫ్రెంచ్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి 17వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లిష్‌లోకి చేరింది. మాట పుట్టుకలో చక్రం లేదు, ఇంజిన్ లేదు, రోడ్డూ లేదు. ఉన్నదల్లా మోత ఒక్కటే.

ఇప్పుడు సంస్కృతం వైపు చూడండి. 'వహ్' అనే ధాతువుకు అర్థం మోయడం. దాని నుంచి వచ్చిందే వాహనం. లాటిన్ 'వెహ్', సంస్కృతం 'వహ్' రెండూ దగ్గరగా వినిపించడం యాదృచ్ఛికం కాదు. రెండూ ఒకే పాత మూలం నుంచి వచ్చాయని భాషా శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చేశారు. ఇంగ్లిష్ వాళ్లు మన మాటను ఎత్తుకెళ్లలేదు, మనం వాళ్ల దగ్గర తెచ్చుకోలేదు. వేల ఏళ్ల కిందటి ఒక ఇంటి నుంచి విడిపోయిన అన్నదమ్ముల్లాంటి మాటలివి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ మధ్య ఈ బంధుత్వం గురించి కలకత్తాలో విలియం జోన్స్ ప్రసంగించింది 1786లో. ఆ తర్వాతే ఈ పరిశోధన ఊపందుకుంది.

ఈ కుటుంబం చాలా పెద్దది. నీళ్లు మోసుకెళ్లేది ప్రవాహం. వాహిని, నిర్వహణ, ఆవాహన.. అన్నీ 'వహ్' పిల్లలే. పెళ్లికూతుర్ని పుట్టింటి నుంచి తీసుకెళ్లడం కాబట్టి వివాహం. అటువైపు ఇంగ్లిష్‌లో వ్యాగన్ ఇదే వంశం. హైవేలో ఉన్న 'వే' కూడా ఇదే. లెక్కల క్లాసులో భయపెట్టిన 'వెక్టర్' కూడా ఇదే.

ఇంకో విచిత్రం ఉంది. గుంటూరు మిర్చి యార్డుకు లోడుతో వచ్చే బండి ముందు ఎక్కేది వేబ్రిడ్జి మీదకే కదా. అక్కడి 'వే' అంటే తూచడం. పాత ఇంగ్లిష్‌లో ఆ మాటకు ఎత్తడం, మోయడం అని అర్థం. ఎత్తి చూస్తేనే కదా బరువు తెలిసేది! అంటే టిక్కీల లోడు ఎక్కిన వెహికల్, అది నడిచొచ్చిన హైవే, కాటా వేసిన వేబ్రిడ్జి.. మూడు మాటలకూ వేరు ఒకటే.

మన సొంత మాట మాత్రం బండి

వాహనం సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చింది. అచ్చ తెలుగులో దీనికి మాట బండి. తమిళంలో వండి, కన్నడలో బండి. ఇది ద్రావిడ కుటుంబం సొత్తు. తెలుగు, తమిళం వంటివి సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వీటిది వేరే కుటుంబం అని మద్రాసులో పనిచేసిన ఎల్లిస్ దొర 1816లోనే రాశాడు. వాహనం, బండి మాటల మధ్య ఉన్న తేడా ఆయన చెప్పిందానికి చిన్న సాక్ష్యం.

ఇంగ్లిష్ మాటలు మన దగ్గరికి రావడమే చూస్తుంటాం. కానీ బండి అటువైపు వెళ్లింది. దక్షిణ భారతంలో ఉన్న తెల్లదొరలు ఎడ్లబండిని, గుర్రబ్బగ్గీని కూడా 'బ్యాండీ' అనేవాళ్లు. 1886లో అచ్చయిన 'హాబ్సన్-జాబ్సన్' అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశంలో ఈ మాట ఉంది. అందులో తమిళం, తెలుగు మూలాలు కూడా ఇచ్చారు.

ఇప్పుడు ఊళ్లో బండి అంటే చాలామందికి మోటార్ సైకిలే గుర్తొస్తుంది. 'బండి తీయరా' అంటే కుర్రాడు కొట్టం వైపు చూడడు, తాళాల కోసం వెతుకుతాడు. రెండెడ్ల బండిని చెప్పాలంటే ఇప్పుడు ఎడ్లబండి అని ప్రత్యేకంగా అనాల్సిందే. పాత వస్తువు పేరును కొత్త వస్తువు లాగేసుకోవడం భాషలో మామూలే. కారు కూడా అంతే. లాటిన్‌లో 'కార్రుస్' అంటే బండి. కార్, క్యారీ, కార్గో అన్నీ దాని సంతానం. క్యారేజీ కూడా. ఇంగ్లిష్ వాడికి క్యారేజీ అంటే గుర్రబ్బండి, చట్టంలో 'గూడ్స్ క్యారేజ్' అంటే సరుకు మోసే బండి. గుంటూరు వాళ్లకు మాత్రం అన్నం గిన్నె. అదీ మోసేదేగా!

చక్రం సంగతీ ఇలాంటిదే. ఇంగ్లిష్ 'వీల్', గ్రీకు నుంచి వచ్చిన 'సైకిల్', సంస్కృతం 'చక్రం' మూడూ ఒకే మూలం. ఇక బస్సు అసలు పేరు ఆమ్నిబస్, లాటిన్‌లో 'అందరి కోసం' అని. తోక మాత్రం మిగిలింది.

మందులోనూ వెహికల్ ఉంది

ఇంగ్లిష్‌లోకి వచ్చిన కొత్తలో వెహికల్‌ను బండికి మాత్రమే వాడలేదు. చేదు మందును కలిపి తాగించే ద్రవాన్నీ వెహికల్ అన్నారు. మందును ఒంట్లోకి మోసుకెళ్తుంది కాబట్టి. ఫార్మసీ పుస్తకాల్లో ఈ వాడుక ఇప్పటికీ ఉంది. రంగులో పొడిని పట్టి ఉంచే నూనెను కూడా పెయింట్ల వాళ్లు వెహికల్ అంటారు. ఆయుర్వేదంలో తేనెను 'యోగవాహి' అంటారని పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. ఆ 'వాహి'లో ఉన్నది కూడా 'వహ్' ధాతువే. లండన్ మందుల షాపువాడు, మన వైద్యుడు ఒకరికొకరు తెలియకుండానే ఒకే వేరు మాటలను ఒకే పనికి వాడారన్నమాట.

శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్ఎల్వీ పేరులో చివరి 'వీ' అంటే వెహికల్. దానికి చక్రాల్లేవు, అది రోడ్డెక్కదు. ఉపగ్రహాన్ని మోస్తుంది, అంతే. తెలుగు వార్తల్లో దాన్ని వాహక నౌక అంటాం. మళ్లీ 'వహ్'. స్మార్ట్ సిటీల వార్తల్లో వినిపించే ఎస్పీవీలో చివరిది కూడా వెహికలే. ఒక ప్రత్యేక పని బరువు మోయడానికి పెట్టిన కంపెనీ అని దానర్థం. ఆ స్మార్ట్ సిటీల జాబితాలో అమరావతి పేరూ ఉంది.

అమరావతిలో 'మహా వాహనం'

మహాయానం గురించి ఇంగ్లిష్ పుస్తకాల్లో చదివితే 'గ్రేట్ వెహికల్' అని కనిపిస్తుంది. యానం అంటే వెళ్లడం, వెళ్లే దారి, వెళ్లే సాధనం కూడా. అనువాదకులు అందులోంచి సాధనాన్ని తీసుకుని వెహికల్ అని ఖాయం చేశారు. మొదటిసారి విన్నవాళ్లకు బౌద్ధానికీ బండికీ సంబంధం ఏంటని నవ్వొస్తుంది. సంబంధం ఉంది. మహాయానుల ముఖ్య గ్రంథాల్లో ఒకటైన సద్ధర్మ పుండరీకంలో ఒక కథ వస్తుంది. ఇల్లు తగలబడుతుంటే లోపల పిల్లలు ఆటల్లో మునిగి బయటకు రారు. అప్పుడు తండ్రి, బయట మేక బండి, జింక బండి, ఎద్దు బండి ఉన్నాయి రండి అని ఆశ పెడతాడు. పిల్లలు పరుగున బయటపడతారు. అక్కడ ఆ మూడు బండ్లూ మూడు యానాలకు గుర్తు.

మహాయాన తత్వానికి పునాది వేసినవాళ్లలో ముందు చెప్పే పేరు ఆచార్య నాగార్జునుడిది. శాతవాహన రాజుతో ఆయనకు స్నేహం ఉందని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. ఆయన పేరు నిలిచిన నాగార్జునకొండ కృష్ణా తీరంలోనే, అమరావతికి ఎగువన ఉంది. అమరావతి పక్కనే ఉన్న ధరణికోట, పాత పేరు ధాన్యకటకం, శాతవాహనుల కాలంలో పెద్ద నగరం. శాతవాహన పేరులోనూ వాహనం వినిపిస్తుంది చూడండి. ఏడు గుర్రాల వాహనం ఉన్న సూర్యుడికి ముడిపెట్టి 'సప్తవాహన' అన్నవాళ్లు ఉన్నారు. కాదు, అది ముండా భాషల మాట అన్నవాళ్లూ ఉన్నారు. ఆ వాదన ఇంకా తేలలేదు.

అమరావతి స్తూపం శిల్పాల్లో ఏనుగులు, గుర్రాలు, రథాలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి మాత్రం చూసిన వెంటనే అర్థం కాదు. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్లే రాత్రి దృశ్యంలో కంథకం అనే గుర్రం ఉంటుంది, గొడుగు ఉంటుంది. గుర్రం మీద మనిషి ఉండడు. బుద్ధుడి రూపం చెక్కకుండా గుర్తులతో చూపించే కాలం అది. వాహనాన్ని చూపిస్తే చాలు, ఎక్కినవాడు ఎవరో జనానికి తెలిసిపోయేది. గుళ్లలోనూ అదే లెక్క. అమరేశ్వరుడి ముందు నంది ఉంటే అది శివాలయం అని వేరే చెప్పాలా?

కోర్టుకెళ్తే కథ మారుతుంది

వాడుకలో ఇన్ని అర్థాలున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. చిక్కంతా చట్టంలో రాసినప్పుడే. 'పార్కులోకి వెహికల్స్ రాకూడదు' అని బోర్డు పెట్టారనుకోండి. కారు ఆపాలి, అందులో అనుమానం లేదు. సైకిల్? పిల్లాడి బొమ్మ కారు? కాళ్లకు కట్టుకునే స్కేటింగ్ చక్రాలు? 1958లో హెచ్.ఎల్.ఎ. హార్ట్ అనే బ్రిటిష్ న్యాయ పండితుడు వేసిన ప్రశ్న ఇది. లా కాలేజీల్లో ఇప్పటికీ దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు. అమెరికన్ పండితుడు ఫుల్లర్ ఇంకో మెలిక పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన ట్రక్కును స్మారకంగా పార్కులో దిమ్మె మీద నిలబెడితే అది వెహికలా కాదా? విశాఖ బీచ్ రోడ్డులో నిలబెట్టిన టీయూ-142 విమానాన్ని చూసినవాళ్లకు ఈ ప్రశ్న తేలిగ్గానే అర్థమవుతుంది.

అమెరికాలో అయితే నిజంగానే ఒక మనిషి జైలు శిక్ష ఈ మాట మీద తేలింది. దొంగిలించిన మోటారు వెహికల్‌ను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలిస్తే నేరమని 1919లో అక్కడ చట్టం తెచ్చారు. ఒకతను కారు బదులు విమానాన్ని తరలించాడు. కింది కోర్టులు శిక్ష వేశాయి. 1931లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మామూలు జనం వెహికల్ అంటే నేల మీద నడిచేదే అనుకుంటారు, విమానం అందులోకి రాదు అని తేల్చింది.

మన రాజ్యాంగం ఈ విషయంలో ముందే జాగ్రత్త పడింది. రాష్ట్రాల జాబితా 57వ అంశంలో వాహనాల మీద పన్ను గురించి రాస్తూ, యంత్రంతో నడిచినా నడవకపోయినా, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తే చాలంది. అంటే ఎడ్లబండి కూడా రాజ్యాంగం దృష్టిలో వాహనమే. 1988 మోటారు వాహనాల చట్టానికి వచ్చేసరికి గీత మారింది. అక్కడ యంత్రంతో నడవాలి, రోడ్డుకు తగినట్టు ఉండాలి. పట్టాల మీద నడిచేవి, ఫ్యాక్టరీ లోపల మాత్రమే వాడే ప్రత్యేక బండ్లు అందులోకి రావు. ఎడ్లబండి బయటికి పోయింది.

రోడ్డు అన్న చిన్న షరతు విలువెంతో 2025 ఆగస్టు 29న తేలింది. విశాఖ ఉక్కు కర్మాగారం లోపలి డిస్పాచ్ యార్డులోనే తిరిగే ఒక లాజిస్టిక్స్ కంపెనీ బండ్లపై ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ పన్ను వసూలు చేసింది. ప్రహరీ గోడ లోపల, జనం తిరగని చోట నడిచే బండికి మోటారు వాహన పన్ను ఉండదని సుప్రీంకోర్టు చెప్పింది. కట్టిన 22 లక్షల 71 వేల 700 రూపాయలు తిరిగి ఇవ్వాలన్న తీర్పు నిలబడింది. అదే లారీ గేటు దాటి రోడ్డెక్కితే పన్ను మీటర్ తిరగడం మొదలవుతుంది.

మోయని వెహికల్.. ట్రాక్టర్

ఇక మన ట్రాక్టర్ దగ్గరికి వద్దాం. లాటిన్‌లో 'వెహెరె' అంటే మోయడం అనుకున్నాం కదా. 'ట్రాహెరె' అంటే లాగడం. ట్రాక్టర్ పుట్టింది దీని నుంచి. (18వ శతాబ్దం చివర్లో అమెరికాలో ఎలిషా పెర్కిన్స్ అనే వైద్యుడు ఒంట్లో నొప్పిని బయటికి లాగేస్తాయంటూ రెండు లోహపు కడ్డీలు అమ్మాడు. వాటి పేరూ ట్రాక్టర్లే. నొప్పి పోయిందో లేదో గానీ డబ్బు మాత్రం బాగానే లాగాయి.) పొలం దున్నే ఇంజిన్‌కు ఈ పేరు బాగా పాకింది 1900ల తొలి దశకంలో, అమెరికాలోని హార్ట్-పార్ కంపెనీ వల్ల.

మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(44) ట్రాక్టర్‌ను ఎలా నిర్వచించిందో వింటే ఆశ్చర్యమేస్తుంది. తనంతట తాను ఏ లోడూ మోయడానికి తయారుచేయని మోటారు వాహనమే ట్రాక్టర్. వాహనం అంటేనే మోసేది. ట్రాక్టర్ అంటే మోయని వాహనం. దాని పని లాగడం. మోసే పని వెనకున్న ట్రైలర్‌ది. ఆ ట్రైలర్‌కు ఇంజిన్ లేదు, స్టీరింగ్ లేదు, సొంతంగా అంగుళం కదలదు. అయినా చట్టం దాన్ని కూడా మోటారు వాహనంలో కలిపేసింది. నిర్వచనంలో 'ట్రైలర్‌తో సహా' అని స్పష్టంగా ఉంది. అందుకే ట్రాక్టర్‌కు ఒక రిజిస్ట్రేషన్, ట్రైలర్‌కు ఇంకో రిజిస్ట్రేషన్.

ఊళ్లో ఈ లెక్క ఎవరికీ పట్టదు. అక్కడ రెండూ కలిపి 'ట్రాక్టర్'. విడిగా చెప్పాల్సొస్తే ముందుది ఇంజిన్, వెనకది ట్రక్కు. ఇంగ్లిష్‌లో ట్రక్కు అంటే లారీ. పేపర్లో 'ట్రక్కు బోల్తా' అని చదివిన హైదరాబాద్ వాళ్లు లారీ అనుకుంటారు, పల్నాడు వాళ్లకు ట్రాక్టర్ వెనక తొట్టి కళ్లముందు కనిపిస్తుంది. వార్త రాసేటప్పుడు తప్పు రాకుండా చూసుకోవాల్సిన మాట ఇది.

రైతు ట్రాక్టర్ కొన్నప్పుడు షోరూమ్‌లోనే ఇన్సూరెన్స్ అయిపోతుంది. ట్రక్కు తర్వాతెప్పుడో లోకల్‌గా వెల్డింగ్ షెడ్డులో కట్టిస్తాడు. దానికి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ మాట మరిచిపోతాడు. కూలీలు ఎక్కేది ఇంజిన్ మీద కాదు, ఆ ట్రక్కులోనే. అంటే జనాన్ని మోస్తున్న భాగమే కాగితాల్లో కనిపించకుండా పోతుంది.

ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ కంపెనీ వాదన మొదలయ్యేది ఇక్కడి నుంచే. పాలసీ ట్రాక్టర్‌కు, ట్రైలర్‌కు కాదు. వ్యవసాయ పనికి ఇచ్చాం, మనుషుల్ని ఎక్కించుకోవడానికి కాదు. 2007లో ఇలాంటి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక కూలీ ట్రాక్టర్ వెనక ట్రాలీలో ఇటుక బట్టీకి మట్టి పనికి వెళ్తూ ప్రమాదంలో గాయపడ్డాడు. ట్రాక్టర్‌కు పాలసీ ఉంది, ట్రాలీకి లేదు. పైగా పాలసీ వ్యవసాయ పనులకే. ఇన్సూరెన్స్ కంపెనీకి బాధ్యత లేదని కోర్టు ఒప్పుకుంది. కానీ బాధితుడు పేద కూలీ. అందుకే తన ప్రత్యేక అధికారం వాడి, ముందు కంపెనీయే డబ్బు కట్టాలి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలి అని ఆదేశించింది. కూలీకి ఊరట దక్కింది. యజమానికి మాత్రం బరువు తప్పలేదు. ప్రతి కేసులోనూ ఇలా ఆదేశం వస్తుందన్న గ్యారంటీ లేదు.

లైసెన్స్ దగ్గర మాత్రం డ్రైవర్లకు కొంత ఊరట ఉంది. ట్రాక్టర్ లైసెన్స్ ఉన్నవాడు వెనక ట్రైలర్ తగిలించినంత మాత్రాన లైసెన్స్ లేనివాడు అయిపోడని 2001లోనే సుప్రీంకోర్టు చెప్పింది. లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్‌తో ఆటో, చిన్న గూడ్స్ బండి లాంటి ట్రాన్స్‌పోర్ట్ వెహికల్ నడపొచ్చా అన్న గొడవ ఏళ్ల తరబడి నడిచింది. బండి పేరు మారితే లైసెన్స్ చెల్లదంటూ కంపెనీలు పరిహారం ఎగ్గొట్టే ప్రయత్నం చేసేవి. 2017లో ముగ్గురు జడ్జిల బెంచ్ డ్రైవర్ల వైపు తీర్పిచ్చింది. అది సరైందేనా అన్న ప్రశ్న మళ్లీ లేచింది. 2024 నవంబర్ 6న అప్పటి చీఫ్ జస్టిస్ డి.వై.చంద్రచూడ్ నేతృత్వంలో ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా దీన్ని తేల్చింది. 7,500 కిలోల లోపు బండి అయితే లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ చాలు. మిర్చి యార్డుకు టిక్కీలు తోలే ట్రాలీ ఆటోల డ్రైవర్లలో చాలామందికి ఈ తీర్పు సంగతి తెలియదు. తెలుసుకోవాల్సిన తీర్పు ఇది.

కోతలకు ముందు చూసుకోవాల్సిన కాగితాలు

సరుకు మోసే బండిలో మనుషుల్ని ఎక్కించడం రూల్స్‌కు విరుద్ధం. పోలీసులు ఏటా చెబుతారు, ఫైన్లు వేస్తారు. బస్సు లేని డొంకకు, చేను గట్టుకు కూలీలు ఎలా చేరాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది. కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో సహా వలస వచ్చి ఇక్కడ మిరప కోసేవాళ్లకు బండి ఎవరిదో, దాని కాగితాలు ఎక్కడున్నాయో అడిగే పరిస్థితే ఉండదు.

కాబట్టి చూసుకోవాల్సింది ముందు యజమానే. ట్రాక్టర్ ఆర్సీతో పాటు ట్రక్కుకు వేరే ఆర్సీ ఉందా? పాలసీ కాగితంలో ట్రైలర్ నంబర్ రాసి ఉందా, లేక ట్రాక్టర్ నంబర్ ఒక్కటేనా? వ్యవసాయ పనికే అని ఉంటే దాంతో ఇటుకలు, మట్టి, ఇసుక కిరాయికి తోలుతున్నారా? కూలీల కోసం ఏదైనా అదనపు ప్రీమియం కట్టారా? పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంట్‌ను ఈ నాలుగూ అడిగితే పది నిమిషాల పని.

ప్రమాదం జరిగితే బాధితుల కుటుంబాలు వెళ్లాల్సింది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు. ఆరు నెలలు దాటకుండా దరఖాస్తు వేయడం మంచిది. అక్కడి తీర్పు నచ్చకపోతే అప్పీల్ అమరావతిలోని హైకోర్టుకు వస్తుంది. ఎఫ్ఐఆర్ రాయించేటప్పుడే ఒక జాగ్రత్త అవసరం. 'ట్రాక్టర్ బోల్తా' అని ఒక్క ముక్కలో వదిలేయకుండా ట్రాక్టర్ నంబర్, ట్రక్కు నంబర్ రెండూ విడివిడిగా రాయించుకోవాలి. ట్రక్కుకు నంబరే లేకపోతే, లేదన్న సంగతి కూడా రాయించాలి.